నీట దించకూడని వల

విజయనగరం నుంచి భావనపాడు వెళ్లాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. పలాస పాసింజరు ఎక్కి నౌపడాలో దిగండి. అక్కణ్ణుంచి ఆటో దొరుకుతుంది. టెక్కలి దాకా బస్సులో వెళ్లమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వాళ్లెవరూ ఆ బస్సు ఎక్కినవాళ్లు కారు. నీళ్ల సీసా, నాలుగు అరటిపళ్లు వెంట ఉంచుకోండి. దారిలో టీ తప్ప ఏమీ దొరకదు.

నేను వెళ్లింది 2018 డిసెంబరు మూడో వారంలో. సముద్రం చూడ్డానికి కాదు, సంచులు తూయడానికి.

జనపనార మిల్లు మూతపడేదాకా ఇరవై ఆరేళ్లు అందులో తూకం గుమస్తాగా చేశాను. మా ఆవిడ శారద ఇంగ్లీషు టీచరుగా రిటైరయింది. ఆమెకు ఉత్తరాలు రాయడం ఇష్టం, నాకు తూచడం ఇష్టం. ఈ రెండూ కలిసి కుంకుడుకాయల వ్యాపారమైంది. సీతంపేట కొండల నుంచి వచ్చే కాయల్ని గింజ తీసి, ఎండబెట్టి, ఆన్‌లైన్ అంగడి ద్వారా జర్మనీకి పోస్టులో పంపుతాం. వాళ్లకు తలంటుకోవడానికి కాదు. బట్టలుతికే మిషన్లో సబ్బుకు బదులు వేసుకుంటారు. అయిదారు కాయలు చిన్న వలసంచిలో పెట్టి, తాడు బిగించి, సంచితో సహా బట్టల మధ్య పడేస్తారు.

ఆ సంచుల్ని భావనపాడులో ఆరుగురు ఆడవాళ్లు పాత చేపలవలలు కోసి కుడతారు. రెండేళ్ల కిందట శ్రీకాకుళం డ్వాక్రా బజారులో పరిచయమయ్యారు. వాళ్లలో పెద్దదిక్కు పోలమ్మ. నెలకోసారి సంచుల మూట బస్సులో వేసి ఫోను చేస్తుంది, నేను వెళ్లి విడిపించుకుంటాను. అప్పటిదాకా వాళ్ల ఊరు నేను చూడలేదు, ఆ సంచుల్ని జర్మనీ వాళ్లు ఏం చేస్తారో వాళ్లూ అడగలేదు.

నవంబరులో అంగడివాళ్ల ఉత్తరం వచ్చింది. వచ్చే జనవరి నుంచి జర్మనీలో కొత్త చట్టమట. అక్కడి ఇంటికి ఏ వస్తువు పంపినా, దాని చుట్టూ ఉన్న అట్టకీ, కాగితానికీ, ప్లాస్టిక్కుకీ పంపినవాడే బాధ్యుడు. అది చెత్తయ్యాక పోగుచేసేందుకయ్యే ఖర్చులో వాటా కట్టాలి, ఏడాదికి ఏ రకం ఎన్ని కిలోలో చెప్పాలి, రిజిస్టరులో పేరు రాయించుకుని నంబరు తెచ్చుకోవాలి. ఆ పేరు రాయించడం మన తరఫున ఇంకొకరు చేయకూడదు, మనమే చేయాలి. డిసెంబరు నెలాఖరుకి నంబరు చూపించకపోతే మా దుకాణం తీసేస్తారు. జర్మనీలో చెత్త పేరుకుపోతే విజయనగరంలో నేను లెక్క చెప్పాలా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టుందని రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు శారద ఆ ఫారం అచ్చు తీయించి నా ముందు పెట్టింది.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాం. మీ సంచి ప్యాకింగా, లేక సరుకులో భాగమా? ప్యాకింగైతే కొత్త సంచి ఎన్ని గ్రాములు? దుకాణంలో ఒక్క సంచీ మిగల్లేదు. వాడిన మూడు పాతవి మాత్రం ఉన్నాయి, శారద ఇంట్లో మిషన్లో వేసి చూసినవి. దుకాణం పోతే నాకు పెద్ద నష్టం లేదు, పింఛను ఉంది. ఆ ఆరుగురి చేతిలో పని పోతుంది. అందుకే బయలుదేరాను.

ఇంకో చిన్న పని కూడా ఉంది. ఎండాకాలం నుంచి జర్మనీ ఇల్లాళ్లు ముగ్గురు వేర్వేరు ఊళ్ల నుంచి ఒకటే ఫిర్యాదు రాశారు. మిషన్లోంచి తీసేసరికి చొక్కాల చేతులు ఒకదానికొకటి ముడిపడి వస్తున్నాయని. ఒకావిడ ఫొటో కూడా పంపింది. సంచి తాడు పొడుగై బట్టలు చుట్టుకుపోతున్నాయని నా లెక్క. తాడు రెండంగుళాలు తగ్గించమని పోలమ్మకు చెప్పాలి.

ఏడుంపావుకి రావలసిన పాసింజరు ఎనిమిదికి వచ్చింది. టిక్కెట్టు ఇరవై అయిదు రూపాయలు. కిటికీ పక్కన సీటు దొరికింది. నా చేతిసంచిలో డిజిటల్ త్రాసు, ఫారం కాగితాలు, పాత వలసంచులు మూడు. నా ఎదుట పాతపట్నం ముసలావిడ ఒకామె ఒళ్లో పనసకాయ పెట్టుకుని కూర్చుంది. మనవరాలి పురుడుకి వెళ్లి వస్తోందట, నౌపడాలో గుణుపురం బండి ఎక్కాలి. నెల్లిమర్ల దాటకముందే నన్ను పలకరించింది.

"రేవు నుంచొస్తన్నావేటి బాబూ?"

"లేదమ్మా, రేవుకే వెళ్తున్నాను."

"మరి ఇప్పుడే సంద్రం వాసనేటి?" అని నా సంచి వైపు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నాకు కుంకుడుకాయల వాసన తప్ప ఏమీ రాలేదు. అయినా ఆమె పనసకాయని ఎత్తుకుని అవతలి సీటులోకి జరిగింది.

చీపురుపల్లి దగ్గర ఇడ్లీ పొట్లం కొనుక్కుని తిన్నాను. ప్లేటు ఇరవై, చట్నీ పులిసింది. పొందూరు దాటాక కునుకు పట్టింది. కోటబొమ్మాళిలో బండి ఆగిన కుదుపుకి మెలకువ వచ్చింది. కళ్లజోడు కోసం చేతిసంచి తెరవబోతే రాలేదు. సంచి రెండు చెవులూ కలిపి ఎవరో ముడి వేశారు. చిన్న ముడి, గట్టిది. గోళ్లతో లాగాను, కదల్లేదు. మిల్లులో బస్తాల మూతి ముడులు ఇరవై ఆరేళ్లు విప్పినవాణ్ని. ఆ ముడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నాకు అంతు పట్టలేదు.

"ఎవరైనా వచ్చారా అమ్మా ఇటు?" అని అడిగాను.

"నాను కళ్లు మూస్తేగదా. ఎవులూ రాలేదు," అంది ముసలావిడ. పనసకాయ సర్దుకుంటూ, "నీ సేతులే ఆడినాయి బాబూ, నిద్దట్లో," అంది.

ఈ వయసులో నిద్రలో ముడులు వేసే జబ్బు మొదలైందా అని నాకు మొదట సిగ్గు వేసింది. తర్వాత మరోటి తోచింది. నేను కుడిచేతివాటం మనిషిని. ఆ ముడి తోకలు రెండూ ఎడమవైపు పడి ఉన్నాయి. సంచిని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాను.

నౌపడాలో దిగేసరికి పదకొండు కావస్తోంది. ఆటోకు నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. స్టేషను దాటగానే ఉప్పుమళ్లు. రోడ్డుకి రెండువైపులా చదునుగా నీళ్లు, మధ్యలో తెల్లని కుప్పలు. కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి, పనివాళ్లు లేరు. తిత్లీ తుఫాను వెళ్లి రెండు నెలలైంది. ఉప్పుమళ్లు దాటాక వచ్చే కొబ్బరిచెట్లలో సగానికి తలలు లేవు. మానులు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. గాలి గట్టిగానే వీస్తోంది, కానీ ఆకు లేకపోవడం వల్ల చెట్ల దగ్గర చప్పుడే లేదు. అంత గాలిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఊరి మొదట్లోనే ఆటో ఆపేశాడు.

"ఇంకా లోపలికి కదయ్యా?"

"ఎవులింటికి?"

"పోలమ్మ. సంచులు కుడతారు చూడు, ఆ ఆరుగురు..."

"ఆ వరసకి నానెల్లను సారూ. నడిసెల్లిపోండి, దగ్గిరే," అని డబ్బులు తీసుకుని అక్కడే వెనక్కి తిప్పేశాడు. ముప్పై రూపాయలు తగ్గించినందుకు కక్ష తీర్చుకున్నాడనుకున్నాను.

ఊళ్లోంచి నడిచాను. మిట్టమధ్యాహ్నం, వేట నుంచి వచ్చిన పడవలు ఒడ్డున ఉన్నాయి, జనం ఇళ్లల్లో భోజనాల దగ్గరున్నట్టున్నారు. చివరి వరసలో రేకులిల్లు ఒకటి, దాని అరుగు మీద ఆరుగురు ఆడవాళ్లు వలముక్కలు ఒళ్లో వేసుకుని కుడుతున్నారు. సముద్రం వాళ్లకు యాభై గజాల దూరంలో ఉంది. చల్లగాలి అటునుంచే వస్తోంది. ఆరుగురూ సముద్రానికి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

పోలమ్మ నన్ను చూసి లేచింది. యాభై ఉంటాయి, పొడగరి. "ఓలమ్మ, బాబే వచ్చీసినాడు! దాలమ్మా, ఓ కుర్సీ అట్టుకురాయే," అంది. దాలమ్మ ఆమె ఆడపడుచు, నోరు గలది. కుర్చీ వేస్తూనే, "ఫోన్లో మాటకి ముసిలోడైపోనాడనుకున్నాం, బాగానే ఉన్నాడే," అంది. అందరూ నవ్వారు. నాకు ప్రాణం కుదుటపడింది.

త్రాసు తీద్దామంటే చేతిసంచి ముడి. "ఇది విప్పి పెట్టమ్మా," అని పోలమ్మకిచ్చాను. ఆమె కనీసం చూడలేదు. కబుర్లు చెబుతూనే ముడిని పంటితో ఒక వైపు నొక్కి, ఎడమచేత్తో ఒక్క లాగు లాగింది. విడిపోయింది. చేతిలో సంచి చెవుల్ని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఎవులేసినారిది?"

"రైల్లో ఎవరో ఆకతాయి," అన్నాను. నిద్దట్లో నా చేతులే ఆడాయని ఎలా చెప్పను?

నేను పీట మీద త్రాసు పెట్టి తూకం మొదలుపెట్టాను. ఆరుగురు కుట్టిన కొత్త సంచులు ఒక్కొక్కరివి పదేసి. దాలమ్మవి సంచికి పద్నాలుగు గ్రాములు. తక్కినవాళ్లవీ అంతే. పోలమ్మది మొదటి సంచి పద్నాలుగు చూపించింది. నేను రాసుకుంటూండగా పదిహేనైంది. మళ్లీ తీసి పెట్టాను. పదిహేడు. ఉప్పు పట్టిన నైలాను పోగుల మధ్య తేమ చేరుతుంది, మిల్లులో జనపనారతో మాకు ఈ గొడవే. ఆ సంగతే వాళ్లకు చెప్పాను. కానీ పక్కనే ఉన్న దాలమ్మ సంచి పద్నాలుగు దగ్గర కదలకుండా ఉంది. గాలి ఇద్దరికీ ఒకటే కదా. తూకంలో తప్పని మనిషిని, ఆ గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను.

భోజనానికి చేపలపులుసు పెట్టారు. కవ్వ చేపలు, ఎండు మామిడికాయ వేసి. తిని చేయి కడుక్కున్నాక ఫారం తీసి, ఆ చిక్కుప్రశ్న వాళ్లకు అర్థమయ్యేలా చెప్పబోయాను.

"ఈ సంచి ఉత్త పొట్లమా, లేక సరుకుతోపాటు వాడతారా అని అడుగుతున్నారు. వాడతారు కదా. కాయలతో పాటు నీళ్లలో వేస్తారు కాబట్టి..."

"నీళ్లలోనా?" అంది దాలమ్మ.

"మిషన్లో. బట్టలుతికే మిషన్. గంటసేపు నీళ్లలో గిరగిరా తిరుగుతుంది."

ఆరు సూదులూ ఆగిపోయాయి. నేనేదో బూతు మాట అన్నట్టు అందరూ తల దించుకున్నారు. చివరికి దాలమ్మే, "నువ్వు పొట్లాలన్నావు గదా బాబూ! కాయలు పోసి పంపుతానన్నావు గదా! నీట దింపుతారని ఒక్క మాట సెప్పినావా?" అని అరిచింది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఆరుగురి మగవాళ్లూ సముద్రంలో పోయినవాళ్లే. శవాలు దొరకనివాళ్లు. సంద్రం ఉంచుకున్న మనిషి వలని ఆ ఊళ్లో మళ్లీ నీట దించరు. దించితే ఆ మనిషి వల దగ్గరకు పనికి వచ్చేస్తాడని వాళ్ల నమ్మకం. ఇంకో వేటగాడికి అమ్మరు, అతను దించుతాడు కాబట్టి. కాల్చరు కూడా. మనిషి కాలకుండా వల కాలితే, పోయాడని ఇంటివాళ్లే తేల్చినట్టు. అందుకని ఆ వలలు అటక మీద ఏళ్ల తరబడి పడి ఉంటాయి, ఆ ఇళ్ల వైపు మిగతావాళ్లు రారు. నేను బజారులో సంచుల మాట ఎత్తినప్పుడు వాళ్లకు దేవుడు దారి చూపించినట్టనిపించిందట. నీరు తగలకుండా, మంట తగలకుండా, దూరదేశం వెళ్లిపోతుంది వల. సముద్రానికి కనపడకుండా వీపు చాటున పెట్టుకుని కుట్టారు రెండేళ్లూ.

నేను ఆ సంచి మీద అంటించే చీటీలో ఇంగ్లీషులో రాసిన మొదటి మాట, నీళ్లలో వేయండి అని. ఆరు వలల్ని ఎన్ని వందల ముక్కలుగా ఎన్ని ఇళ్ల నీళ్లలో దించానో నా దగ్గర చిట్టా ఉంది. నాకు తెలియదని గొణిగాను. తెలియదన్నది నిజమే, అయినా ఆ మాట నా చెవులకే చచ్చుగా వినిపించింది.

మాట మార్చాలని, నా బుద్ధి గడ్డి తిని, తాడు సంగతి ఎత్తాను. ఫోనులో ఆ జర్మనీ ఫొటో తెరిచి పోలమ్మకిచ్చాను. నీలం గళ్ల చొక్కా, రెండు చేతులూ మణికట్ల దగ్గర కలిపి ముడి.

పోలమ్మ ఫోను పట్టుకుని ఎండపొడ తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది మా మావ ముడి," అంది.

దాలమ్మ తొంగి చూసింది. చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "మా ఎర్రయ్యన్నదే. ఎడంసేతి ముడి. ఈ ఊరంతటికీ ఆడొక్కడే అలగ ఏసేవోడు. ఎవులికీ ఇప్పడం సేతకాదు. ఒదిన పంటితో ఇప్పీది," అంది. "బాబూ, ఆపీ. ఈ యాపారం ఆపీ. అన్నీ ఎనక్కి రప్పించీ."

తక్కిన నలుగురూ అప్పటికే లేచి ఒళ్లోని వలముక్కల్ని కింద పడేశారు. ఒకామె ఏడుస్తోంది. పోలమ్మ మాత్రం ఫోను వదల్లేదు. భయపడ్డట్టు లేదు. ఊరెళ్లిన మనిషి క్షేమంగా చేరాడని కబురు అందినట్టుంది ఆమె మొహం.

"ఆ దేశంలో సలెక్కువేటి బాబూ?"

"ఎక్కువే. మంచు పడుతుంది."

"సొక్కా బాగున్నాది," అంది. తర్వాత, "ఆరేళ్లయింది. పడవొచ్చింది, ఆడు రాలేదు. అప్పట్నించి పనే సేస్తన్నాడన్నమాట. ఒక్క పూటైనా కూకోనేదు," అని ఫోను నాకిచ్చేసింది. అప్పుడు గానీ ఏడవలేదు.

కొంతసేపటికి ఆమే ఆ కాగితాలు చూపించి, "దీన్లో ఏటి రాసుందో మొత్తం సదువు," అంది. చదివి చెప్పాను. పంపినవాడే బాధ్యుడు, చివరిదాకా. విని తలూపింది. "అది నాయమే గదా," అంది. నెల కిందట నేను తిట్టుకున్న చట్టాన్ని న్యాయమన్న మొదటి మనిషి ఆమె.

"సివరిదాకా అంటే? వాడీసినాక ఏటి సేస్తారు?"

"ప్లాస్టిక్ చెత్తకి అక్కడ పసుపు సంచి ఉంటుంది, అందులో వేస్తారు. బండి వచ్చి తీసుకెళ్తుంది. తీసుకెళ్లి..." ఫారంతో పాటు వచ్చిన వివరణలో రెండో పేజీ పైపైన చూశాను. దహనం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట కనిపించింది. "కాల్చేస్తారు."

"నిజింగా?"

"నిజంగా."

పోలమ్మ దాలమ్మ వైపు తిరిగింది. "ఇన్నావా? నా సేత్తో నాను కాల్సలేను. నువ్వు కాల్సలేవు. ఎవులో తెలీనోళ్లు, ఆళ్ల రూలు పెకారం కాలుస్తారు. ఆడికి అగ్గి దక్కుతాది."

దాలమ్మ కింద పడిన వలముక్కల్ని ఒక్కొక్కటే ఏరి తట్టలో వేసింది. మిగతా నలుగురూ మళ్లీ కూర్చున్నారు, ఈసారీ గోడకేసే. అక్కడికక్కడే ఒక ఒప్పందం కుదిరింది. ఇకమీద వలసంచి ఉత్త పొట్లం మాత్రమే. మిషన్లో వేసుకోవడానికి వేరే గుడ్డసంచి లోపల పెడతాను, అది కూడా వాళ్లే కుడతారు. చీటీ మీద ఇంగ్లీషులోనూ జర్మనీ భాషలోనూ రాయిస్తాను, వలని నీళ్లలో వేయకండి, పసుపు సంచిలో వేయండి అని. రిజిస్టరులో పేరు రాయించి, అది చివరికి చేరాల్సిన చోటికి చేరేలా చూసే పూచీ నాది. పోలమ్మ అటక మీంచి మిగిలిన వలముక్కంతా దింపి కొత్త సంచులతో కలిపి మూట కట్టింది.

నాలుగున్నరకి ఊరి మొదట దాకా నడిచి టెక్కలి బస్సు పట్టుకున్నాను. మూట ఒళ్లో పెట్టుకుంటే కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టలేదు, నా పక్కన ఎవరూ కూర్చోలేదు. టెక్కలిలో బస్టాండు ఎదుటి లాడ్జిలో గది నాలుగు వందలు. శుభ్రంగానే ఉంది, దోమలు లేవు. మూటని బాత్‌రూముకి దూరంగా, కిటికీ కొక్కేనికి తగిలించి పడుకున్నాను. తెల్లారి లేచి స్నానం చేయకుండానే గది ఖాళీ చేశాను. బకెట్లోకి పంపు విప్పడానికి చేయి రాలేదు.

షేరు ఆటోలో కోటబొమ్మాళి వచ్చి, తొమ్మిది గంటల బండి ఎక్కాను. ఖాళీగానే ఉంది. తిలారు దగ్గర ఫారం తీసి, పూర్తి చేద్దామని వివరణ కాగితం ఈసారి మొదటి అక్షరం నుంచి చదివాను. రెండో పేజీలో ఆ మాట ఉంది. దాని ముందున్న వాక్యం నిన్న నేను చదవలేదు. పోగైన ప్లాస్టిక్కులో పనికొచ్చేదాన్ని ముందు వేరు చేస్తారు, కరిగిస్తారు, మళ్లీ కొత్త వస్తువులు చేస్తారు. పనికిరానిదే కాలుస్తారు.

ఊర్లాం దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. దాలమ్మకు ఇంగ్లీషు రాదు, పోలమ్మకు రాదు. కానీ తెలియదన్న మాట ఆ అరుగు మీద ఒకసారి అనేశాను, రెండోసారి అనడానికి నోరు రాలేదు. ఫోను చేశాను.

"పోలమ్మా, నిన్న సగం చదివి చెప్పాను. అన్నీ కాల్చరట. కొన్ని కరిగించి మళ్లీ కొత్తవి చేస్తారట."

అవతల సముద్రం చప్పుడు వినిపిస్తోంది. ఇంటి ముందు నిలబడినట్టుంది.

"కొత్తయంటే ఏటి?"

"బకెట్లు, తాళ్లు, కుర్చీలు. ఏది ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. వద్దంటే ఈ మూట పంపను. తిరిగి తెచ్చి ఇచ్చేస్తాను."

లైను తెగిందనుకుని చూసుకున్నాను. తెగలేదు.

"బకిట్టయితే మళ్లీ నీళ్లే," అంది నెమ్మదిగా. "కుర్సీ ఐతే బాగున్ను బాబూ. పెళ్లయిన కాణ్ణించి ఆడు కూకోగా నాను సూడనేదు."

నేను పక్కనున్న మూట వైపు చూశాను.

"పంపీ," అంది. "ముందు ఆ నీళ్లల్లో తిరుగుతున్నయ్యి తియ్యించు. అయి తియ్యించినాకే ఇయ్యి పంపు."

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో టీ తాగి, ఫారం నింపాను. ప్యాకింగా, సరుకా అన్నచోట ప్యాకింగ్ అని రాశాను. తూకం గడిలో దాలమ్మ పద్నాలుగు గ్రాములు కాదు, పోలమ్మ పదిహేడే వేశాను. ఎక్కువ రాస్తే ఎవరూ తప్పుపట్టరు. మన చేయి దాటిన సరుకు మనది కాదని ఇరవై ఆరేళ్లు మిల్లు గేటు దగ్గర నమ్మినవాణ్ని నేను. బస్తా తూచి, చీటీ కట్టి, లారీ ఎక్కించాక దాని మొహం చూసినవాణ్ని కాను. భావనపాడు ప్రయాణం నన్ను ఆ సుఖానికి దూరం చేసింది. రానూపోనూ ఖర్చు వెయ్యి రూపాయలు కాలేదు. వెళ్లేవాళ్లు పగటిపూటే వెళ్లండి, ఆ అరుగు మీద కూర్చోమంటే మీరు కూడా గోడకేసే కూర్చోండి.

విజయనగరం స్టేషనుకి శారద వచ్చింది. చేతిసంచి తను అందుకుని, "తాడు తగ్గిస్తామన్నారా?" అంది.

"తాడు కాదు. కొన్నవాళ్లందరికీ ఉత్తరాలు రాయాలి, ఈ రోజే. ఆ వలసంచులు నీళ్లలోంచి తీసి పక్కన పెట్టేయమని."

"అందరికీనా? కారణం అడుగుతారు కదా. కుట్టు సరిగా లేదని రాయనా?"

"వద్దు," అన్నాను. "ఉన్నది ఉన్నట్టు రాయి. ఆ చొక్కా ఆవిడకి ముందు రాయి. ముడి వేసినవాడి పేరు ఎర్రయ్య అని చెప్పు."